పలక చూసి... పదండి లోపలికి!

ఈఫిల్ టవర్ ఎక్కారు. ఫొటోలు దిగారు. కిందికి వచ్చేసరికి మధ్యాహ్నం మూడు. పిల్లలేమో ఆకలంటూ ఒకటే గొడవ. ఎదురుగా కనిపించిన హోటలు గుమ్మంలోనే ఒకాయన నవ్వుతూ చెయ్యి పట్టుకుని లాగినంత పనిచేశాడు. లోపల ఆరు భాషల్లో అచ్చేసిన మెనూ, పక్కనే రంగురంగుల బొమ్మలు. నలుగురికీ నాలుగు చల్లారిన ప్లేట్లు, రెండు నీళ్ల సీసాలు... చివర్లో బిల్లు! యూరోల్ని రూపాయల్లోకి మార్చి చూసుకున్న ఇంటాయనకి తిన్నది అరగలేదు. ఇంకేముంది, మర్నాటి నుంచీ గదిలోనే ప్యాకెట్ ఉప్మా, ఆవకాయ!

ప్యారిస్ వెళ్లి ఉప్మా తిని రావడం కన్నా విచారం ఏముంటుంది? నాలుగు వీధులు లోపలికి నడిస్తే చాలు, ఆ డబ్బుకి హాయిగా తినే చోట్లు ఉన్నాయక్కడ. వాటి పేరే బిస్ట్రో. మన పూటకూళ్లింటికి ఫ్రెంచి చుట్టం అనుకోవచ్చు. పది పదిహేను బల్లలు, చిన్న వంటిల్లు, రోజూ వచ్చే పేటవాళ్లు.

ఈ పేరు వెనక ఓ కథ చెబుతారు. 1814లో ప్యారిస్‌కు వచ్చిన రష్యా సైనికులు 'బిస్త్రో... బిస్త్రో' (త్వరగా, త్వరగా) అని కేకలేసేవారట. కథ బాగుంది కానీ, భాషా పండితులు నమ్మరు. ఎందుకంటే ఆ మాట ఫ్రెంచిలో కనిపించేది 1880ల్లోనే. నమ్మదగ్గ కథ ఇంకోటుంది. కొండప్రాంతమైన ఓవెర్న్ నుంచి పొట్టచేత పట్టుకుని ప్యారిస్ చేరినవాళ్లు కట్టెలు, బొగ్గులు అమ్మేవారు. అదే కొట్లో ఓ పక్కన వైనూ పోసేవారు. అలాంటి కొట్లే చాలాచోట్ల బిస్ట్రోలయ్యాయి.

మరి మంచిదాన్ని పట్టుకోవడం ఎలా? లారీలు ఆగిన చోట భోజనం బాగుంటుందంటారు కదా మనవాళ్లు. అక్కడా అదే సూత్రం. మధ్యాహ్నం పన్నెండున్నరకి చుట్టుపక్కల ఆఫీసులవాళ్లు ఎటు నడుస్తున్నారో చూడాలి. గుమ్మం దగ్గర సుద్దముక్కతో రాసిన పలక ఉంటే మంచి గుర్తు. ఆరోజు ఏం వండారో దానిమీద రాస్తారు. నాలుగైదు వంటకాలే ఉన్నాయంటే ఇంకా మంచిది. యాభై రకాలు రాసి ఉంటే వండేది తక్కువ, వేడిచేసేది ఎక్కువ అని అనుమానించాలి. ధరలు బయటే కనిపించేలా పెట్టాలన్నది అక్కడి నిబంధన. కాబట్టి లోపలికి వెళ్లాక గుండె గుభేలుమనే పనిలేదు. గిన్నెమీద ఇంటికప్పు బొమ్మ కనిపిస్తే అక్కడే వండిందని అర్థం. 2014లో వచ్చిన గుర్తు అది.

పలకమీద 'ఫార్ముల్' అని ఉంటే అదే చవక. రెండు వంటకాలు కలిపి ఒకే ధర, సుమారు 15 నుంచి 22 యూరోలు. ఎక్కువగా మధ్యాహ్నమే దొరుకుతుంది. అందుకే తెలిసినవాళ్లు పగలు కడుపునిండా తిని, రాత్రికి బ్రెడ్డూ పండ్లతో సరిపెడతారు. ఒక్క మాట. అక్కడ 'ఆంత్రె' అంటే మొదట తినే చిన్న వంటకం. అసలుది 'ప్లా'.

వేళ తప్పితే మాత్రం అంతే సంగతులు. పన్నెండు నుంచి రెండు, రెండున్నర దాకా వడ్డిస్తారు. మళ్లీ పొయ్యి వెలిగేది సాయంత్రం ఏడు దాటాకే. ఆది, సోమవారాల్లో చాలావాటికి సెలవు. ఆగస్టులో ఏకంగా వారాల తరబడి తాళాలే!

నీళ్లకి డబ్బు పోయక్కర్లేదు. 'యూన్ కరాఫ్ దో' అంటే కుళాయి నీళ్లు కూజాలో తెచ్చిపెడతారు. భోజనంతో అవి ఉచితం, బ్రెడ్డు కూడా. సర్వీసు ఛార్జి ధరలోనే కలిసి ఉంటుంది. టిప్పు ఇవ్వడం, మానడం మన ఇష్టం. అన్నిటికన్నా ముందు, గుమ్మంలో అడుగుపెడుతూనే 'బోంజూర్' అనాలి. ఆ ఒక్క మాట అనకుండా టేబుల్ అడిగితే ఎదుటివారి మొహం ముడుచుకుంటుంది.

మనవాళ్ల అసలు భయం మాంసం గురించి. బోఫ్ అంటే గొడ్డుమాంసం, పోర్ అంటే పంది, అన్యో అంటే గొర్రెపిల్ల, పూలే అంటే కోడి, లపాం అంటే కుందేలు. ఈ ఐదూ కాగితమ్మీద రాసుకుంటే చాలు. శాకాహారులు ఇంకాస్త జాగ్రత్తపడాలి. సలాడ్‌లో 'లార్దోం' అనే పందిమాంసం ముక్కలు ఉండొచ్చు. ఉల్లిపాయ సూప్‌ని సాధారణంగా గొడ్డుమాంసం మరిగించిన నీళ్లతో చేస్తారు. అడిగి తినడంలో నామోషీ లేదు. ఎక్కడా కుదరకపోతే గార్ దు నార్ స్టేషన్ దగ్గర లా షపెల్ పేట ఉంది. శ్రీలంక తమిళుల హోటళ్లలో ఇడ్లీ, దోసె దొరుకుతాయి.

జేబు మరీ పలచగా ఉంటే 'బూయోం' అన్న బోర్డు వెతకాలి. 1855లో దువాల్ అనే మాంసం వ్యాపారి, డబ్బున్నవాళ్లు కొనని ముక్కల్ని మరిగించి కూలీలకు చవగ్గా పెట్టడంతో మొదలైందీ పద్ధతి. 1896లో తెరిచిన బూయోం షార్తియే ఇప్పటికీ నడుస్తోంది. ముందుగా టేబుల్ బుక్ చేసుకునే పద్ధతి లేదు, వరసలో నిలబడాల్సిందే. ముక్కూమొహం తెలియనివాళ్ల పక్కన కూర్చోబెడతారు. బల్లమీద పరిచిన కాగితంపైనే లెక్క రాసి, కూడి, చూపిస్తారు.

ఫ్రాన్స్‌లో 1960ల్లో సుమారు రెండు లక్షల కెఫేలు, బిస్ట్రోలు ఉండేవి. ఇప్పుడు 40 వేలు కూడా లేవు. అద్దెలు పెరిగాయి, గబగబా తినే అలవాటు పెరిగింది. ఊళ్లో ఉన్న ఒక్కటీ మూతపడితే పోయేది భోజనమే కాదు, నలుగురూ కలుసుకునే చోటు. కాబట్టి ఆ పలక చూసి లోపలికి వెళ్లే కుటుంబం తన డబ్బు మిగుల్చుకోవడమే కాదు, ఓ వంటింటి పొయ్యి ఆరిపోకుండా తనవంతు సాయం చేసినట్టే.

తినడం అయ్యాక బిల్లు రాలేదని కంగారుపడొద్దు. అడిగితేగానీ తీసుకురారు. తిన్నవాళ్లని లేవమన్నట్టు ఉంటుందని వాళ్ల మొహమాటం. అంతవరకూ ఆ బల్ల మీదే!