డిస్కు పలికే పలుకులు

ఈ వారం టపాలో ఒక పాఠకురాలి ప్రశ్న: “మా కంప్యూటరు పెట్టెలోంచి వుండివుండి బల్లి పలికినట్టు టిక్కుటిక్కుమని చప్పుడు వస్తున్నది. పని మాత్రం చేస్తూనే వున్నది. పోయిన మా నాన్నగారి ఫొటోలన్నీ అందులోనే వున్నాయి. కంగారుపడాలా, అక్కర్లేదా?”

అమ్మా, బల్లి పలికితే నిజమంటారు గదా! ఈ బల్లి మాట కూడా కొట్టిపారెయ్యటానికి వీల్లేదు. ఈ పేజీ పక్కన పెట్టి, ముందు ఆ ఫొటోలు వేరే డిస్కులోకి నకలు తీసుకోండి. ఆ తరవాత తీరిగ్గా మిగతాది చదవండి.

చప్పుడుకు కారణం తెలియాలంటే డిస్కు లోపల ఏమున్నదో తెలియాలి. 1956లో ఐబీఎం వారు మొట్టమొదటి హార్డుడిస్కు యంత్రాన్ని తెచ్చినప్పుడు, అందులో 24 అంగుళాల వెడల్పు పళ్ళేలు 50 వుండేవి. అంతా కలిపి 50 లక్షల అక్షరాలు పట్టేవి. ఇవాళ పళ్ళెం అరచేతిలో ఇమిడిపోతుంది. మామూలు డిస్కులో అది నిమిషానికి 5400 సార్లో, 7200 సార్లో తిరుగుతుంది. 7200 సార్లు తిరిగే పళ్ళెం అంచు వేగం గంటకు 120 కిలోమీటర్లు దాటుతుంది. దానిమీద చదివే ముల్లు పళ్ళేన్ని తాకకుండా తేలుతూ వుంటుంది. ఆ మధ్య వున్న సందు తలవెంట్రుక మందంలో వెయ్యో వంతు కూడా లేదు. ఇంత సున్నితమైన కాపరం గనకనే, తేడా వస్తే ముందు చెవికి తెలుస్తుంది.

ఇక చప్పుళ్ళ సంగతి. సన్నటి ఝుంకారం, ఫైళ్ళు తెరిచేటప్పుడు చిటచిట – ఇవి ఆరోగ్య లక్షణాలు. పని లేనప్పుడు ముల్లు పక్కకు వెళ్ళి విశ్రాంతి తీసుకునే డిస్కులున్నాయి. అప్పుడు ఒక టిక్కు వినిపిస్తే దోషం లేదు. అయితే గడియారం కొట్టినట్టు వరసగా టిక్కు, టిక్కుమంటూ, దానితోపాటు కంప్యూటరు బిగుసుకుపోతున్నదంటే జాగ్రత్త! పళ్ళెంమీద దారి చూపే గుర్తులు ముల్లుకు అందటం లేదన్నమాట. అది వెనక్కి వెళ్ళి మళ్ళీ మొదటినుంచీ వెతుక్కుంటున్నది. కీచుమని సన్నగా కూసి తిరగకపోతే, మోటారు కదలలేకపోతున్నది. బయట తగిలించే డిస్కయితే కరెంటు చాలక కూడా ఇట్లా జరుగుతుంది గనక, ఒక్కసారి కేబులు మార్చి చూడవచ్చు. గరగరమని గీరిన చప్పుడైతే మాత్రం ప్రయోగాలు వద్దు. ముల్లు పళ్ళేన్ని గీకుతూ వుండవచ్చు. తక్షణం కరెంటు తీసెయ్యండి.

నకలు తీసుకున్నాక, చప్పుడు డిస్కుదేనా అని విచారించండి. ఫానుకు తీగ తగిలినా టిక్కుటిక్కుమంటుంది. ఫైలు తెరిచినప్పుడల్లా చప్పుడు మారితే డిస్కును అనుమానించాలి.

డిస్కు తన అనారోగ్యాన్ని తానే చిట్టా రాసుకుంటుంది. దాన్ని ‘స్మార్ట్’ అంటారు. ‘క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో’ వంటి ఉచిత ప్రోగ్రాములు ఆ చిట్టా చదివి చూపుతాయి. అందులో 5, 197, 198 నంబర్ల వరసలు చూడండి (ఈ ప్రోగ్రాములో అవి 05, సీ5, సీ6గా కనిపిస్తాయి). చెడిపోయి మార్చిన గదులు, అనుమానంలో వున్న గదులు, చదవటానికి లొంగని గదులు – ఇవీ ఆ లెక్కలు. సున్నా దాటి పెరుగుతూ వుంటే డిస్కు మార్చవలసిందే.

సున్నా వుంటే నిశ్చింతేనా? కాదు. గూగుల్ పరిశోధకులు లక్షకు పైగా డిస్కులను గమనించి 2007లో ఫలితాలు ప్రకటించారు. తనిఖీలో మొదటి తప్పు కనిపించిన డిస్కు ఆ తరవాతి 60 రోజుల్లో పోయే అవకాశం, తప్పు లేనిదానికంటే 39 రెట్లు ఎక్కువట. అయితే పోయినవాటిలో 36 శాతానికి పైగా, వేడి లెక్క మినహాయిస్తే, చిట్టాలో ఏ సూచనా లేకుండానే పోయాయి. చిట్టా మంచిదే, పూచీకత్తు మాత్రం కాదు.

డిస్కు తెచ్చి చూపించేవారిని నేను మొదట అడిగే ప్రశ్న ఒకటే: “చప్పుడు మొదలయ్యాక ఎన్నిసార్లు స్విచ్చి వేశారు?” ఆ సంఖ్య పెరిగేకొద్దీ ఆశ తగ్గుతుంది. తప్పులు దిద్దే ప్రోగ్రాములు జబ్బు డిస్కుమీద నడపకండి. గంటలకొద్దీ దాన్ని పరుగెత్తించటమే అవుతుంది. ఫ్రిజ్‌లో పెట్టమని సలహా చెప్పేవాళ్ళున్నారు. బయటికి తీయగానే లోపల చెమ్మ పడుతుంది. మూత విప్పి చూడటం అంతకన్నా ప్రమాదం – ఆ సందులో దుమ్ముకణం పర్వతమంత. డిస్కు ఇంకా కనిపిస్తూ వుంటే, ముందు ప్రాణప్రదమైనవి, తరవాత మిగతావి నకలు తియ్యాలి. కనిపించకుండా టిక్కుమంటుంటే ఆపేసి, సమాచారం వెలికితీసే నిపుణులకే ఇవ్వాలి. ఖర్చు బాగానే అవుతుంది గనక, ముందే ఎంతవుతుందో అడగండి.

“చప్పుడు చెయ్యని ఎస్సెస్‌డీ కొంటే పీడ పోతుంది గదా” అనవచ్చు. దానికి తిరిగే పళ్ళెం లేదు, నిజమే. కాని అది పోయేటప్పుడు ఈ బల్లి పలుకు కూడా వుండదు.

కొత్త డిస్కు ఏది కొన్నా, నాన్నగారి ఫొటోలు రెండు డిస్కుల్లో వుంచి, మూడో నకలు ఊళ్ళో వున్న అక్కగారింట్లోనో, తమ్ముడింట్లోనో దాచండి. డిస్కు ఇవాళ కాకపోతే రేపు బజార్లో దొరుకుతుంది, ఆయన నవ్వు దొరకదు.