బుర్ర ఇంట్లోనే ఉండాలి

విశాఖలో గాజువాక జంక్షన్ నుంచి కూర్మన్నపాలెం మీదుగా అగనంపూడి దాకా హైవేకి అటూ ఇటూ లేస్తున్న అపార్ట్‌మెంట్ల ప్రకటనల్లో లిఫ్టు, జనరేటర్, కార్ పార్కింగ్‌ల సరసన ‘స్మార్ట్ హోమ్’ అన్న మాట కూడా వచ్చి చేరింది. ఆ మాట వెనక మామూలుగా ఉండేవి నాలుగు వైఫై స్విచ్చులు, పిలిస్తే పలికే ఒక స్పీకరు, వాటిని నడిపే ఒక యాప్. లైట్లు, ఫ్యాన్లు, గీజర్ వరకూ దీంతో పని జరిగిపోతుంది. హాల్లో ఉన్న టీవీ, సెట్‌టాప్ బాక్స్, సౌండ్‌బార్‌లను కూడా అందులో కలపమన్నప్పుడే అసలు సంగతి బయటపడుతుంది. అందుకే ఫ్లాటు కొనేవాళ్లు యాప్ ఎంత బాగుందో చూసే ముందు రెండు ప్రశ్నలు అడగాలి. ఈ పరికరాలను నడిపే బుర్ర ఇంట్లో ఉందా, ఎక్కడో సర్వర్‌లో ఉందా? టీవీ వెనక గోడలో తీగలకి దారి వదిలారా, లేదా?

బల్బుతో పేచీ లేదు: వెలుగుతుంది, లేదా ఆరిపోతుంది. టీవీ దగ్గర అలా కుదరదు. టీవీ ఒక కంపెనీది, బాక్స్ కేబుల్ ఆపరేటర్ ఇచ్చింది, సౌండ్‌బార్ పండగ ఆఫర్‌లో కొన్నది. మూడింటికీ మూడు రిమోట్లు. వీటిని ఒక్క మీట కిందికి తేవడానికి చౌకలో దొరికేది ఇన్‌ఫ్రారెడ్ బ్లాస్టర్. అన్ని రిమోట్ల సంకేతాలూ నేర్చుకుని తానే పంపే చిన్న డబ్బా. రిమోట్ మూతి దగ్గరున్న చిన్న దీపం సెకనుకి దాదాపు 38 వేల సార్లు మినుకుమంటూ, కంటికి కనబడని కాంతిలో ఒక సంకేతం పంపుతుంది. అది చేరిందో లేదో తిరిగి చెప్పే దారి లేదు. పైగా చాలా పరికరాల్లో ఆన్‌కీ ఆఫ్‌కీ సంకేతం ఒకటే. ఇప్పుడు ‘సినిమా’ అన్న మీట నొక్కారనుకోండి. టీవీ ఆఫ్‌లో ఉంది కాబట్టి వెలుగుతుంది. సౌండ్‌బార్ మధ్యాహ్నం పాటలు విన్నప్పటి నుంచీ ఆన్‌లోనే ఉంది కాబట్టి అదే సంకేతానికి ఆగిపోతుంది. తెర మీద బొమ్మ ఉంటుంది, శబ్దం ఉండదు. మళ్లీ నొక్కితే టీవీ ఆరిపోయి సౌండ్‌బార్ లేస్తుంది. ఎన్నిసార్లు నొక్కినా ఈ రెండూ కలవవు. చివరికి సొరుగులోంచి పాత రిమోట్ తీయాల్సిందే.

దీనికి మందు హెచ్‌డీఎంఐ తీగలోనే కొంత ఉంది. ఒక పరికరం ఇంకోదాన్ని లేపడానికి, శబ్దం పెంచడానికి, తగ్గించడానికి సీఈసీ అనే ఏర్పాటు అందులో ఉంది. శాంసంగ్ దాన్ని ఎనీనెట్ ప్లస్ అంటుంది, ఎల్‌జీ సింప్‌లింక్ అంటుంది, సోనీ బ్రావియా సింక్ అంటుంది. పేర్లు వేరైనట్టే అమలూ అంతో ఇంతో వేరు. అందుకే ఒకరి టీవీ చెప్పిన మాట ఇంకొకరి సౌండ్‌బార్ అన్నిసార్లూ వినదు. ఈ ఖాళీలోకే కంపెనీల సర్వర్లు జొరబడ్డాయి. ‘టీవీ పెట్టు’ అని హాల్లో అన్న మాట సముద్రాలు దాటి ఏదో డేటా సెంటర్‌కి వెళ్లి, అక్కడ అర్థం చేసుకోబడి, టీవీ కంపెనీ సర్వర్‌కి చేరి, అక్కడి నుంచి మళ్లీ ఆరడుగుల దూరంలో ఉన్న టీవీకి రావచ్చు. అంతా సవ్యంగా ఉన్నప్పుడు ఇదంతా రెండు మూడు సెకన్లలో జరిగిపోతుంది, ఎవరికీ తెలియదు. తెలిసేది ఆ గొలుసులో ఒక లింకు తెగినప్పుడే.

అలాంటి లింకులు తెగుతూనే ఉన్నాయి. 2014లో నెస్ట్ కంపెనీ రివాల్వ్ అనే ఇంటి ఆటోమేషన్ సంస్థను కొని, 2016 మేలో దాని సేవలు ఆపేసింది. మూడు వందల డాలర్లు పెట్టి కొన్న హబ్బులు ఒక్కరోజులో పనికిరాకుండా పోయాయి. లాజిటెక్ కంపెనీ హార్మొనీ రిమోట్లు ఇంట్లోని ఆడియో, వీడియో పరికరాలన్నిటినీ ఒక్కచోటికి తేవడంలో ఎంతో పేరు తెచ్చుకున్నవి. 2021లో వాటి తయారీ ఆగిపోయింది. 2022 ఏప్రిల్‌లో ఇన్‌స్టియాన్ అనే స్మార్ట్ హోమ్ కంపెనీ సర్వర్లు చెప్పాపెట్టకుండా మూగబోయాయి. అక్కడ గమనించాల్సిన విషయం ఒకటుంది. ఆ ఇళ్లలో గోడ స్విచ్చులు చేత్తో నొక్కితే పనిచేశాయి. ఇంట్లోనే సొంత కంట్రోలర్ పెట్టుకున్నవాళ్లకి మిగతావీ నడిచాయి. సర్వర్ మీద ఆధారపడిన యాప్ ఒక్కటే చచ్చిపోయింది. ఆ ఏడాది జూన్‌లో కొందరు వాడకందార్లే కలిసి ఆ కంపెనీని కొని నిలబెట్టుకున్నారు. పెద్ద కంపెనీ అయితే ఈ బెడద ఉండదనుకోవడానికీ లేదు. 2025 మార్చిలో ఒక డిజిటల్ సర్టిఫికెట్ గడువు తీరిపోవడంతో టీవీకి తగిలించే గూగుల్ రెండో తరం క్రోమ్‌కాస్ట్‌లు కొన్ని రోజుల పాటు పనిచేయలేదు. పరికరం బాగానే ఉంది, టీవీ బాగానే ఉంది, ఇంటర్నెట్టూ ఉంది.

నడిపే బుర్ర దగ్గరే ఉండాలన్న సంగతి గాజువాకకి ఒకరు చెప్పాల్సిన పని లేదు. ఇక్కడ ఆటోమేషన్ ఇళ్లలోకి రాకముందే ఫ్యాక్టరీల్లోకి వచ్చింది. 1971లో శంకుస్థాపన జరిగి 1992లో జాతికి అంకితమైన ఉక్కు ఫ్యాక్టరీలో, షిప్‌యార్డులో, పోర్టులో ఎలక్ట్రికల్, ఇన్‌స్ట్రుమెంటేషన్ పనులు చేసి రిటైరైనవాళ్లు ఈ కాలనీల నిండా ఉన్నారు. పెద్ద ఫ్యాక్టరీల్లో కంట్రోల్ రూమ్ ఎంత దూరంలో ఉన్నా మోటారు పక్కన లోకల్ కంట్రోల్ స్టేషన్ ఉంటుంది. అక్కడ స్విచ్చి ‘లోకల్’కి తిప్పితే కంట్రోల్ రూమ్ నుంచి ఎవరూ ఆ మోటారు స్టార్ట్ చేయలేరు. ఎర్ర బటన్ కొడితే ఆగాల్సిందే. అలాగే స్టార్ట్ ఆదేశం ఇచ్చాక మోటారు నిజంగా తిరిగిందో లేదో కంట్రోల్ రూమ్‌కి తిరుగు సంకేతం రావాలి. రాకపోతే అలారం మోగుతుంది. పక్కనే మీట, తిరిగొచ్చే జవాబు: ఆటోమేషన్‌లో ఈ రెండూ ప్రాణాల మీదికి వచ్చాక నేర్చుకున్న పద్ధతులు. ఇన్‌ఫ్రారెడ్ డబ్బాకి రెండోది లేదు. సర్వర్‌తో నడిచే యాప్‌కి మొదటిది లేదు. ఉద్యోగంలో ఒప్పుకోని ఏర్పాటుని ఇంట్లో ఎందుకు ఒప్పుకోవాలి?

తుఫాను వస్తే కరెంటే ఉండదు, అప్పుడు బుర్ర ఎక్కడుంటే ఏమిటి అని అడిగేవాళ్లుంటారు. సరైన ప్రశ్నే. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖ మీద తీరం దాటాక రోజుల తరబడి కరెంటూ లేదు, ఫోన్ సిగ్నలూ లేదు. ఏ తెలివైన ఇల్లూ ఆ గాలికి ఎదురు నిలవలేదు. అయితే ఇన్వర్టర్ ఉన్న ఇంట్లో లైటు వెలగడానికి ఇంటర్నెట్ అక్కర్లేదు కదా. ఇంట్లో కరెంటు ఉండి కూడా, బయట తీగ తెగినందుకు స్విచ్చి పలకకపోవడమే నేను తప్పంటున్నది. దానికి తుఫానే రానక్కర్లేదు, రోడ్డు తవ్వితే చాలు. హుద్‌హుద్ తర్వాత నగరంలో కరెంటు తీగలు కొంతమేర భూమిలోకి వెళ్లాయి గానీ, ఇంటర్నెట్ తీగలు ఇంకా చాలా వీధుల్లో స్తంభాలకే వేలాడుతున్నాయి. 2017 డిసెంబర్‌లో మొదలైన ఏపీ ఫైబర్ నెలకి 149 రూపాయలకే ఇంటర్నెట్, టీవీ, ఫోన్ మూడూ ఇచ్చి సామాన్యుడికి మేలు చేసింది. ఆ మూడూ వచ్చేది ఒకే తీగ మీద. తీగ తెగితే మూడూ పోతాయి. నాలుగోదిగా ఇంటి స్విచ్చులను కూడా దానికే వేలాడదీయడం తెలివైన పని కాదు.

మ్యాటర్ అనే కొత్త ప్రమాణం వచ్చింది, ఇక అన్నీ దారిన పడతాయన్నది ఇంకో వాదన. 2022 అక్టోబర్‌లో వచ్చిన ఈ ప్రమాణం పరికరాలు ఇంటి లోపలే ఒకదానితో ఒకటి మాట్లాడుకునేలా రూపొందించినది. అది మంచి మార్పే. టీవీలకి సంబంధించిన భాగం మొదటి వెర్షన్‌లోనే ఉన్నా, దాన్ని అమలు చేసిన కంపెనీలు కొద్దే. దానికోసం ఎదురుచూడాల్సిన పనీ లేదు. సోనీ, ఎల్‌జీ టీవీలు, డెనాన్, యమహా రిసీవర్లలో చాలా మోడళ్లు ఇంటి నెట్‌వర్క్ మీదే ఆదేశాలు తీసుకుంటాయి. తాము ఆన్‌లో ఉన్నదీ లేనిదీ, శబ్దం ఎంతలో ఉన్నదీ తిరిగి చెప్తాయి. 2013లో మొదలైన హోమ్ అసిస్టెంట్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌ని అరచేతిలో పట్టే రాస్ప్‌బెరీ పై మీద నడిపితే బుర్ర టీవీ కింద బల్ల మీదే ఉంటుంది. దీన్ని పెట్టడానికి మనిషి కావాలి, నిజమే. కానీ ఫ్యాక్టరీ యంత్రాలను నడిపే పీఎల్‌సీ కంట్రోలర్లతో పనిచేసినవాళ్లు, కంచరపాలెం ఐటీఐలో చదివి బయటికొచ్చిన కుర్రాళ్లు ఉన్న ఊళ్లో ఆ మనిషి దొరకడనడం న్యాయం కాదు. ఇది ఇక్కడి ఎలక్ట్రీషియన్లకి మంచి ఉపాధి కాగలదు.

ఇక గోడ. తీగలకి దారి వదలకపోతే ఆ నష్టం తర్వాత తేలిగ్గా సరిదిద్దుకోలేనిది కాబట్టి దీని గురించి గట్టిగా చెప్పాలి. కన్సీల్డ్ వైరింగ్‌కి మామూలుగా వేసేది ముప్పావు అంగుళం పీవీసీ పైపు. హెచ్‌డీఎంఐ తీగ తలకాయ ప్లాస్టిక్ తొడుగుతో కలిపి అందులో దూరదు. దూరినా, ఎల్బో దగ్గర ఇరుక్కుంటుంది. కాబట్టి టీవీ వెనక నుంచి కింద బల్ల ఎత్తుకి ఒకటిన్నర లేదా రెండంగుళాల పైపు, మూలల్లో ఎల్బోలకి బదులు నిడుపాటి బెండ్లు, లోపల లాగడానికి ఒక జీఐ తీగ ఉండాలి. రౌటర్ పెట్టే చోటు నుంచి టీవీ దాకా నెట్‌వర్క్ కేబుల్‌కి వేరే పైపు, సౌండ్‌బార్‌తో సరిపెట్టుకోని వాళ్లకి వెనక గోడ దాకా స్పీకర్ తీగకి ఇంకోటి. ఇవి కరెంటు పైపులకి దూరంగా వెళ్లాలి. గోడకి గాడి కొట్టి, పూత పూయకముందు అయితే ఇదంతా ఒక పూట పని. పైపుల ఖరీదు టీవీ ఖరీదులో ఒక మూలకి రాదు. టైల్సు, పెయింటు అయ్యాక అదే పని అంటే గోడ పగలగొట్టడమే. వైఫై ఉండగా తీగలెందుకంటారా? 2.4 గిగాహెర్ట్జ్ వైఫైలో ఒకదానితో ఒకటి తగులుకోని ఛానళ్లు మూడే ఉంటాయి. అంతస్తుకి అయిదారు ఫ్లాట్లున్న భవనంలో, ప్రతి ఫ్లాట్‌లో ఒక రౌటర్ ఉంటే, ఆ మూడింటి మీద ఎంత రద్దీ ఉంటుందో ఊహించుకోవచ్చు. కదలని టీవీకి తీగ వేస్తే, కదిలే ఫోన్లకి గాలిలో చోటు మిగులుతుంది.

బిల్డర్లు ఇవి వినరన్న నిరాశ కూడా అక్కర్లేదు. రియల్ ఎస్టేట్‌ని నియంత్రించే 2016 నాటి రెరా చట్టం 12వ సెక్షన్ ప్రకటనలో, ప్రాస్పెక్టస్‌లో చెప్పిన తప్పుడు మాటలకి ప్రమోటర్‌ని బాధ్యుణ్ని చేస్తుంది. 14వ సెక్షన్ ప్రకారం పనితనంలో, నాణ్యతలో లోపం ఫ్లాటు అప్పగించిన అయిదేళ్ల లోపు బయటపడితే ఉచితంగా సరిచేసి ఇవ్వాలి. కానీ ‘స్మార్ట్ హోమ్’ అన్న రెండు మాటలు తప్ప ఏమీ రాసి ఉండకపోతే లోపం ఏదో ఎలా తేలుస్తారు? సేల్ అగ్రిమెంట్ స్పెసిఫికేషన్ పేజీలో సిమెంటు, టైల్సు కంపెనీల పేర్లు రాసే చోటే టీవీ గోడలో పైపు ఎన్ని అంగుళాలో, నెట్‌వర్క్ కేబుల్ ఎక్కడి నుంచి ఎక్కడికో, ఇంటర్నెట్ లేకపోయినా ప్రతి స్విచ్చీ చేత్తో పనిచేస్తుందని, కంట్రోలర్ పాస్‌వర్డులు ఇంటి యజమానికే అప్పగిస్తారని రాయించుకోవాలి. ఆ పైన మేస్త్రి పూత కలిపే ముందు ఒకసారి సైటుకి వెళ్లి, గాడిలో పడుకున్న పైపులను ఫోన్‌తో ఫోటోలు తీసి దాచుకోవాలి. తర్వాత మేకు కొట్టాల్సి వచ్చినప్పుడు కూడా అవి పనికొస్తాయి.