ఎవరిని చూసి నవ్వుతున్నాం?

భాషాహక్కుల కోసం నడిచే పత్రికలో 'బాయ్స్ లవ్' ధారావాహికల ప్రస్తావన ఏమిటని కొందరు పాఠకులు బొమముడి వేయవచ్చు. సరిహద్దు జిల్లాల్లో తెలుగు బడుల గతి ఏమవుతుందో తెలియని వేళ, థాయ్‌లాండు, జపాను దేశాల టీవీ కథలు మనకెందుకని అడగవచ్చు. అడగదగిన ప్రశ్నే. సమాధానం కూడా సూటిగానే ఉంది. ఆ కథలను మన పిల్లలు చూస్తున్నారు. చూసి నవ్వుకుంటున్నారు, ఆలోచిస్తున్నారు. ఆ ఆలోచన మాత్రం తెలుగులో సాగడం లేదు. ఏ విషయాన్ని గురించి ఇంట్లో అమ్మానాన్నలతో మర్యాదగా మాట్లాడుకునే వీలు లేదో, ఆ విషయంలో మాతృభాష ఆ ఇంట బతికి లేనట్టే.

'బాయ్స్ లవ్' అంటే ఇద్దరు యువకుల మధ్య చిగురించే ప్రేమకథ. 1970లలో జపాను రచయిత్రులు ప్రధానంగా బాలికల కోసం గీసిన బొమ్మల కథల్లో దీని మూలాలున్నాయి. ఇవాళ టీవీలో దీనికి ఆదరణ తెచ్చినవాటిలో ముఖ్యమైనది అసంబద్ధ హాస్యం. 2020లో జపానులో వచ్చిన 'చెర్రీ మ్యాజిక్' చూడండి. ప్రేమానుభవం ఎరుగని ఒక చిరుద్యోగికి ముప్ఫై యేళ్లు నిండిన రోజున ఒక వింత శక్తి అబ్బుతుంది. ఎవరిని తాకితే వారి మనసులోని మాట అతనికి వినబడుతుంది. తోటి ఉద్యోగి ఒకడు తననే మూగగా ప్రేమిస్తున్నాడని అలా తెలిసి కంగారుపడతాడు. 2018 నాటి 'ఒస్సాన్స్ లవ్'లో పెళ్లయిన పైఅధికారి తన కింద పనిచేసే యువకుణ్ణి ప్రేమించి నానా అగచాట్లు పడతాడు. 2020 నాటి థాయ్ ధారావాహిక '2గెదర్'లో ఒక న్యాయశాస్త్ర విద్యార్థి, తన వెంటపడే మరొక యువకుణ్ణి వదిలించుకోవడానికి, ప్రేమికుడిగా నటించమని ఇంకొక విద్యార్థిని బతిమాలుతాడు. నటన కాస్తా నిజమవుతుంది.

ఈ హాస్యమంతా నమ్మశక్యం కానిదే. కాని న్యాయవాదిగా నేను అడిగే ప్రశ్న ఒక్కటే. ఇందులో నవ్వులపాలవుతున్నది ఎవరు? చెప్పాల్సిన మాట చెప్పలేని పిరికితనం, లోకం ఏమనుకుంటుందోనన్న బెదురు, ప్రేమలో పడ్డ ప్రతివాడూ చేసే తెలివితక్కువ పనులు. అంతేగాని ఒక పురుషుడు మరొక పురుషుణ్ణి ప్రేమించడమే హాస్యాస్పదమని ఈ మూడు కథలూ అనవు.

ఇప్పుడు మన తెలుగు తెర వైపు చూడండి. దశాబ్దాల తరబడి మన హాస్య సన్నివేశాల్లో నడుము తిప్పుతూ, గొంతు సన్నం చేసి మాట్లాడే మగవాడు కనబడటమే నవ్వు. కథ అక్కరలేదు, సంభాషణ అక్కరలేదు. 'ఆడంగి', 'పేడి' అనే తిట్లు పడితే చాలు, థియేటరు ఘొల్లుమంటుంది. ఆ నవ్వుల మధ్య తలవంచుకుని కూర్చున్న కుర్రవాడు మన ఇంటివాడే అయి ఉండవచ్చునన్న తలపు మనకు రాలేదు.

చెన్నపట్నంలో బతికే తెలుగువాడికి ఈ నొప్పి కొత్త కాదు. 'గొల్టి' అన్న వెక్కిరింత ఎంత చేదో మనకు తెలుసు. మన యాసను, మన ఉచ్చారణను తమిళ సినిమా నవ్వులాటగా చూపినప్పుడు "సరదాకేగదా" అన్నవారితో మనం వాదించాం. అల్పసంఖ్యాకుల గౌరవం సరదాకంటే గొప్పదన్నాం. ఆ వాదన మన విషయంలో న్యాయమైతే మరొక అల్పసంఖ్యాక వర్గం విషయంలోనూ న్యాయమే. మన వంతు వచ్చినప్పుడు మాత్రమే పనికివచ్చే సూత్రాన్ని హక్కు అనరు, స్వార్థం అంటారు.

ఇక మాటల సంగతి. మన పత్రికలకు అలవాటైన మాట 'స్వలింగ సంపర్కులు'. ఒక మనిషి జీవితాన్నంతటినీ పడకగదికి కుదించే మాట ఇది. తమిళంలోనూ ఇలాంటి మాటే ఉండేది. ఇవాళ ఆకర్షణను సూచించే 'తన్‌పాలీర్పు' అన్న మాట అక్కడ ప్రచారంలోకి వచ్చింది. మధురై నుంచి చెన్నైకి వచ్చి రక్షణ కోరిన ఇద్దరు యువతుల కేసులో, 2021 జూన్ 7న మద్రాసు హైకోర్టు న్యాయమూర్తి ఎన్. ఆనంద్ వెంకటేశ్ విస్తృతమైన ఆదేశాలిచ్చారు. ఈ విషయం అర్థం చేసుకోవడానికి ఆయన స్వయంగా మనస్తత్వ నిపుణురాలి వద్ద కూర్చుని తెలుసుకున్నారు. ఆ వ్యాజ్యం ఫలితంగానే, గౌరవప్రదమైన పదాల పట్టిక 2022 ఆగస్టులో తమిళనాడు ప్రభుత్వ రాజపత్రంలో వెలువడింది. అది తమిళానికి దక్కిన మేలు. అదే రాష్ట్రంలో ఉన్న తెలుగువారు తమ భాషకు అలాంటి పట్టిక కావాలని ఎందుకు అడగలేదు?

"ఇది మన సంస్కృతి కాదు" అనే పెద్దలకు ఒక మనవి. తంజావూరు జిల్లా మెలట్టూరులో ఈనాటికీ తెలుగు నాటకాలు ఆడుతున్నారు. ఆ భాగవత మేళంలో స్త్రీ పాత్రలు ధరించేది పురుషులే. ముందుగా రంగస్థలం మీదికి వచ్చేది నవ్వించే కోణంగి. స్థానం నరసింహారావుగారి సత్యభామను మన తాతలు నెత్తిన పెట్టుకున్నారు. వేషం వేరు, ప్రేమ వేరు, నిజమే. కాని మగవాడిలోని సుకుమారాన్ని చూసి చేతులు జోడించిన జాతి, అదే సుకుమారాన్ని చూసి ఛీకొట్టడం ఎప్పుడు నేర్చుకుంది? సమ్మతితో సాగే వయోజనుల ప్రేమ నేరం కాదని 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు తేల్చింది. స్త్రీ వేషంలో వీధిలో కనిపించినందుకే హిజ్రాలను నిర్బంధించే నిజాం కాలపు చట్టాన్ని 2023 జులైలో తెలంగాణ హైకోర్టు కొట్టివేసింది. చట్టం మారింది. మారనిది మన నవ్వు.

ఈ ధారావాహికలన్నీ నిర్దోషమైనవని నేననను. సమ్మతి లేని ముద్దును చిలిపితనంగా చూపినవి ఉన్నాయి. నటుల జంటలను సరుకుగా అమ్ముకునే వ్యాపారమూ ఉంది. అలాంటి చోట మన పిల్లలకు "ఇది తప్పు" అని చెప్పవలసిందే. కాని చెప్పడానికి ముందు మన నోట శుభ్రమైన మాట ఉండాలి కదా! తిట్టు తప్ప మరొక పదం ఎరుగని తండ్రి హితవు చెబితే ఏ బిడ్డ వింటాడు?

కాబట్టి చేయవలసిన పనులు మూడు. తెలుగు విశ్వవిద్యాలయాలు, పత్రికలు కలిసి 'స్వలింగానురాగం' వంటి గౌరవవాచకాలతో పదకోశం తయారుచేయాలి, దాన్ని తమిళనాడు, కర్ణాటక తెలుగువారికీ అందించాలి. ఈ ధారావాహికలను ప్రసారం చేసే సంస్థలను తెలుగు ఉపశీర్షికలు ఇమ్మని మనం అడగాలి. ఆ ఉపశీర్షికల్లో పాత తిట్లు దూరకుండా కాపలా కాయాలి. మూడవది ఇంటి పని: తెరమీద ఒక మనిషిని మనిషిగా పుట్టినందుకే వెక్కిరిస్తే, మనం నవ్వడం మానాలి.

రాజ్యాంగపు 29వ అధికరణం మన భాషను కాపాడుకునే హక్కు మనకిచ్చింది. కాపాడుకునే భాషలో మన బిడ్డలందరికీ చోటుండాలి. ఏ బిడ్డకు తన గురించి చెప్పుకోవడానికి తెలుగులో తిట్టే మిగిలిందో, ఆ బిడ్డ రేపు తెలుగు కోసం మనతో కలిసి నడవాలని అడిగే అర్హత మనకుండదు.