బ్రేకులు చూశావా?

శనివారం పొద్దున్నే గ్యారేజ్ తలుపు ఎత్తగానే నాన్న వీడియో కాల్ వస్తుంది. మిషిగన్‌లో నాకు పొద్దున, ఊళ్లో ఆయనకి సాయంత్రం. అరుగు మీద కూర్చుని టీ తాగుతుంటారు. నేను ఫోన్‌ని టూల్ బాక్స్‌కి ఆనించి పని మొదలుపెడతా. ఆయన కాసేపు చూసి ప్రతి వారం ఒకటే అడుగుతారు.

"ఒరేయ్, బ్రేకులు చూశావా?"

"చూశా నాన్నా."

చూడలేదు. ఐదు నెలలు ఇదే అబద్ధం చెప్పా. ఈ వారం ఆ సంగతే.

నేను చదివింది మెకానికల్, చేసేది సాఫ్ట్‌వేర్. మీలో చాలామందిదీ ఇదే కథ కాబట్టి ఎక్కువ వివరించక్కర్లేదు. బీటెక్ నాలుగేళ్లలో నేను దగ్గరగా చూసిన ఇంజిన్ ఒక్కటే, ల్యాబ్‌లో సగానికి కోసిపెట్టిన మోడల్. ఫోర్ స్ట్రోక్ బొమ్మ సీనియర్ రికార్డు చూసి దించేశా. వైవాలో పది నిమిషాలు నిలబడ్డా. పాసైపోయా.

ఉద్యోగం కోసం డెట్రాయిట్ పక్కకి వచ్చాక తెలిసింది, ఇక్కడ కారంటే వాహనం కాదు, ఇంటి మనిషి. ఏటా ఆగస్టులో మూడో శనివారం వుడ్‌వర్డ్ ఎవెన్యూ మీద 'డ్రీమ్ క్రూజ్' జరుగుతుంది. 1995 నుంచీ నడుస్తోంది. పాత కార్లు వేలల్లో వస్తాయి. రోడ్డు పక్కన కుర్చీలు వేసుకుని జనం మన దగ్గర తిరునాళ్ల చూసినట్టు చూస్తారు. మొదటిసారి వెళ్లినప్పుడు ఒక పాత వీ8 నా పక్కనుంచి పోయింది. ఆ శబ్దం చెవికి కాదు, ఛాతీకి తగిలింది. ఇంటికొచ్చి ఆ రాత్రే పాత కార్ల అమ్మకాలు వెతకడం మొదలుపెట్టా.

మజిల్ కార్ లెక్క సింపుల్. మరీ పెద్దది కాని కారులో పెద్ద ఇంజిన్ పెట్టి, కుర్రాళ్లు కొనగలిగే ధరకి అమ్మడం. 1964లో పాంటియాక్ జీటీవో 389 క్యూబిక్ అంగుళాల వీ8తో వచ్చి ఈ ఊపు మొదలుపెట్టిందని చాలామంది అంటారు. అంటే దాదాపు 6.4 లీటర్లు. అదే ఏడాది ఏప్రిల్ 17న మస్టాంగ్ జనం ముందుకొచ్చింది. పట్టింపు ఉన్నవాళ్లు మస్టాంగ్‌ని మజిల్ కార్ అని ఒప్పుకోరు, 'పోనీ కార్' అంటారు. వాళ్లతో వాదించే ఓపిక నాకు లేదు.

నాకు దొరికింది 1966 మస్టాంగ్ హార్డ్‌టాప్. ఓ రిటైరైన పెద్దాయన గ్యారేజ్‌లో దుప్పటి కింద ఉంది. దాని నంబర్‌లోనే జాతకమంతా ఉంటుంది. మొదటి 6 అంటే 1966. పక్కన ఎఫ్ అంటే డియర్‌బోర్న్ ఫ్యాక్టరీ, మా ఇంటికి అరగంట దూరం. ఐదో గుర్తు సీ, అంటే 289 క్యూబిక్ అంగుళాల వీ8, రెండు గొంతుల కార్బ్యురేటర్, 200 హార్స్ పవర్. మన లెక్కలో చెప్పాలంటే 4.7 లీటర్లు. మన మారుతి 800 మొత్తం ఇంజిన్ 796 సీసీ. దీంట్లో ఒక్క సిలిండరే 590 సీసీ పైన. అలాంటివి ఎనిమిది.

చలికాలం మొత్తం ఇంజిన్ బే మీదే పడ్డా. మొదట బ్యాటరీ నెగటివ్ వైరు తీయాలి. ఇది రూల్ నంబర్ వన్. తర్వాత విప్పే ముందు ఫొటో, విప్పాక జిప్ కవర్, కవర్ మీద పేరు. నాలుగు వందల ఫొటోలు తీశా. అరవై ఏళ్ల జిడ్డుని డీగ్రీజర్, పాత టూత్‌బ్రష్‌లతో గీకా. ఎయిర్ క్లీనర్‌లో ఎలుక గూడు దొరికింది. వైర్ల మీది తొడుగు అప్పడంలా విరిగిపోతోంది. బే అంతా నలుపు, ఇంజిన్‌కి 1966లో ఉన్నట్టే ఫోర్డ్ నీలం రంగు వేశా. మొత్తం తళతళలాడింది. ఇన్‌స్టాలో పెడితే లైకులు వచ్చాయి. ఇక నెక్స్ట్ లెవెల్ అనుకుని అల్యూమినియం మానిఫోల్డ్, నాలుగు గొంతుల కార్బ్యురేటర్ కార్ట్‌లో వేసుకున్నా.

బేలో వెనక గోడని ఫైర్‌వాల్ అంటారు. మనం ఆఫీసులో రోజూ తిట్టుకునేది కాదు, అసలు ఫైర్‌వాల్. ఇంజిన్‌కీ మనుషులకీ మధ్య ఇనప గోడ. దాని మీద డ్రైవర్ వైపు చిన్న డబ్బా ఒకటి ఉంటుంది, బ్రేక్ మాస్టర్ సిలిండర్. దాన్ని కూడా శుభ్రం చేసి రంగేశా. మూత మాత్రం తీయలేదు. ఎందుకంటే అది ఫొటోలో కనపడదు.

మార్చిలో స్టార్ట్ చేద్దామని కూర్చుంటే మొదట దగ్గు, తర్వాత కార్బ్యురేటర్‌లోంచి టపటపమని పేలుళ్లు. మా ఆవిడ చేతిలో ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ పట్టుకుని నిలబడింది. రెండు గంటలు తల పట్టుకున్నాక తప్పు దొరికింది. నెట్‌లో ఏదో చార్ట్ చూసి ప్లగ్ వైర్లు 1-3-7-2-6-5-4-8 వరసలో పెట్టా. అది తర్వాత కాలంలో వచ్చిన 302 హెచ్‌ఓ ఇంజిన్‌ది. చూడ్డానికి అన్నదమ్ముల్లా ఉంటాయి గానీ 289 వరస 1-5-4-2-6-3-7-8. వైర్లు మార్చి తాళం తిప్పా. ఒక్క క్షణం ఆలోచించి, పట్టుకుంది. నేను నిజంగానే అరిచా.

ఆ ఊపులో, బయట ఎండ ఉంది కదా అని రివర్స్‌లో వేసి గ్యారేజ్ బయటికి తీశా. మా డ్రైవ్‌వే కొంచెం వాలు. సగం దిగాక బ్రేక్ నొక్కా. పెడల్ నేలకి ఆనింది. మళ్లీ నొక్కా. మళ్లీ నేలకే. కారు వెనక్కి పోతూనే ఉంది. డాష్‌బోర్డ్ కింద ఉండే పార్కింగ్ బ్రేక్ పిడి గుర్తొచ్చి రెండు చేతులతో లాగా. గట్టిగా పట్టలేదు గానీ పట్టింది. చెత్త డబ్బాని గుద్దుకుని, వెనక చక్రాలు రోడ్డు మీదికి వచ్చాక కారు ఆగింది.

రోడ్డు ఖాళీ. శనివారం కాబట్టి ఖాళీ. మిగతా రోజుల్లో ఆ టైమ్‌కి స్కూల్ బస్ ఆగేది మా ఇంటి ముందే. పిల్లలు నిలబడేది ఆ చెత్త డబ్బా పక్కనే.

మా ఆవిడ ఏమీ అనలేదు. ఎక్స్‌టింగ్విషర్ కింద పెట్టి లోపలికి వెళ్లిపోయింది. తిట్టినా బాగుండేది.

కుడి వెనక చక్రం విప్పితే లోపలంతా తడి. చక్రం దగ్గరి చిన్న సిలిండర్‌లో రబ్బరు పాడై, ఆయిల్ చలికాలమంతా కారింది. ఆ టైరు కింద మరక నేను చూశా కూడా. పక్కన పెట్టే రెండో కారు నుంచి కరిగిన మంచు నీళ్లనుకున్నా.

ఒక్క చక్రం దగ్గర కారితే నాలుగు చక్రాల బ్రేకులూ ఎందుకు పోవాలి? ఇక్కడే ఉంది అసలు విషయం. 1966 మస్టాంగ్‌లో మాస్టర్ సిలిండర్‌కి ఒకటే గది. పెడల్ నొక్కితే ఆ ఒక్క గదిలోని ఆయిలే నాలుగు చక్రాలకీ ఒత్తిడి పంపాలి. ఎక్కడ చిల్లు పడినా ఒత్తిడంతా అక్కణ్నుంచే పోతుంది. మన భాషలో సింగిల్ పాయింట్ ఆఫ్ ఫెయిల్యూర్. ఆఫీసులో ఇలాంటి డిజైన్ ఎవరైనా తెస్తే రివ్యూలో నేనే చీల్చి చెండాడతా. 1967 మోడల్ నుంచి మస్టాంగ్‌కి రెండు గదుల సిలిండర్ వచ్చింది. ముందు చక్రాలకి ఒకటి, వెనక చక్రాలకి ఒకటి. ఒకటి పోయినా రెండోది ఆపుతుంది.

ఆ రాత్రి కార్ట్‌లో కార్బ్యురేటర్, మానిఫోల్డ్ తీసేసి, రెండు గదుల సిలిండర్ వేశా. డ్రమ్ బ్రేకులకి వేరు, డిస్క్‌లకి వేరు ఉంటుంది, చూసి కొనాలి. నావి నాలుగూ డ్రమ్‌లే. దాంతోపాటు నాలుగు చక్రాల సిలిండర్లు, మూడు రబ్బరు గొట్టాలు, కొత్త స్టీల్ పైపులు. ఇంజిన్ దగ్గర పెట్రోలు రబ్బరు పైపు కూడా మార్చా, వంచి చూస్తే పగుళ్లు. ఇప్పటి పెట్రోల్లో ఇథనాల్ ఉంటుంది, అరవైల నాటి రబ్బరు దానికి ఆగదు.

కొత్త సిలిండర్‌ని ముందు వైస్‌లో బిగించి, గొట్టాలు తిరిగి దాని గదుల్లోకే పెట్టి, బుడగలు ఆగేదాకా మెల్లగా నొక్కాలి. కారుకి బిగించాక ఒక్కో చక్రం దగ్గర గాలి తీయాలి, దూరంగా ఉన్నదానితో మొదలుపెట్టి. దానికి ఇద్దరు కావాలి. ఇక ఒకరే దిక్కు.

"నొక్కు."

"నొక్కా."

"పట్టుకో... పట్టుకో... ఆ, వదులు."

రెండో చక్రం దగ్గరికి వచ్చాక ఆమే అంది, "ఇది మొదట చేసి, రంగులు తర్వాత వేసి ఉండొచ్చు కదా నువ్వు?" ఆరు వారాల తర్వాత కారు గురించి ఆమె మాట్లాడిన మొదటి మాట అది. సమాధానం లేదు నా దగ్గర. ఆ కంగారులో బ్రేక్ ఆయిల్ నాలుగు చుక్కలు బేలో ఒలికాయి. తుడిచేలోపే కొత్త నలుపు రంగు చర్మంలా లేచొచ్చింది. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. రంగు వేయలేదు.

తర్వాతి శనివారం నాన్న అడక్కముందే చెప్పేశా. అబద్ధంతో సహా. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ఓ సంగతి చెప్పారు. నేను నాలుగేళ్లవాణ్నిగా స్కూటర్ ముందు నిలబడి ఉన్నప్పుడు కాలవ గట్టు దిగుతుంటే బ్రేక్ కేబుల్ తెగిందట. గట్టు పక్క వరిగడ్డి కుప్పలోకి పోనిచ్చి ఆపారట. "అప్పట్నుంచీ అడగడం అలవాటైందిరా," అన్నారు. ఇరవై నాలుగేళ్లుగా నాకు తెలీదు. అది నాన్న చాదస్తం అనుకున్నా.

ఆగస్టులో వుడ్‌వర్డ్ వెళ్లాం. పక్క లైన్లో నాలుగు గొంతులవి, ఆరు లీటర్లవి గర్జిస్తూ పోయాయి. మాది రెండు గొంతులదే, 200 హార్స్ పవరే. ప్రతి సిగ్నల్ దగ్గరా ఆగింది. ఆగినప్పుడల్లా మా ఆవిడ నా వైపు చూసి నవ్వింది.

ఇది చదువుతున్న మీకో చిన్న పని. బైక్‌కి సైలెన్సర్ మార్చే ప్లాన్‌లో ఉంటే ఓ వారం ఆపండి. ముందు హ్యాండిల్ మీది బ్రేక్ ఆయిల్ డబ్బా చూడండి. గాజులోంచి నల్లగా కనిపిస్తే మార్పించండి, మామూలుగా రెండేళ్లకోసారి మార్చాలంటారు. నాన్న పాత బండి ఇంట్లో ఉంటే పెట్రోలు పైపు వంచి చూడండి, మన బంకుల్లో ఇప్పుడు 20 శాతం ఇథనాల్ వస్తోంది. బండి కింద మరక కనిపిస్తే నీళ్లే అనుకోకండి, వేలితో ముట్టుకుని చూడండి.

నిన్న మళ్లీ కాల్ వచ్చింది. "బ్రేకులు చూశావా?" అన్నారు. ఫోన్ తీసుకెళ్లి మాస్టర్ సిలిండర్ మూత తీసి, రెండు గదులూ చూపించా. నాన్న కళ్లద్దాలు పెట్టుకుని మరీ చూశారు.