పీణ్య బోరు నీటి లెక్క

బెంగళూరు పీణ్యలో ఇస్రో వారి ఇస్ట్రాక్ కేంద్రం ఉంది. భూమిని ఫోటోలు తీసే ఉపగ్రహాల మీద అక్కడి నుండే నిఘా ఉంటుంది. 5 మీటర్లు, అంతకంటే ముతక చిత్రాలను అందరికీ ఉచితంగా ఇవ్వాలని 2023 అంతరిక్ష విధానం చెబుతోంది. సంతోషమే. అదే పీణ్యలో ఎలక్ట్రోప్లేటింగ్ షాపుల క్రోమియం భూగర్భ జలంలోకి దిగింది. తాగునీటిలో అది లీటరుకు 0.05 మిల్లీగ్రాములు దాటకూడదు. పీణ్య గాలి ఎలా ఉందో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వెబ్‌సైటులో గంటగంటకూ కనిపిస్తుంది. నీళ్లకు ఆ భాగ్యం లేదు, నమూనా తీసి పరీక్షిస్తేనే తెలిసేది. ఆ పరీక్షల ఫలితాలను ఏ బోరు, ఏ తేదీ అన్న వివరాలతో బహిరంగంగా పెట్టాలని మేము అడుగుతున్నాం. కన్నడంలో పెట్టండి, అక్కడ అద్దెగదుల్లో ఉంటున్న మన కార్మికుల కోసం తెలుగులోనూ పెట్టండి. యువతీ యువకులారా, ఈలోగా ఆ గాలి లెక్కలు చదవడం నేర్చుకుని వాళ్లకు చెప్పండి.