మడతచాకు చేసిన నేరమేమి?

క్రిందటి మాసంలో ఒక పుస్తకావిష్కరణ సభకు వెళ్ళాను. ఊరు పేరు, భవనం పేరు ఇక్కడ అనవసరం. ద్వారం దగ్గర తనిఖీ యంత్రం కూసింది. జేబులోంచి తాళంచెవులు తీశాను, చిల్లర తీశాను, చివరికి మా తాతగారి మడతచాకు తీశాను. కొమ్ముపిడి, ఏడు సెంటీమీటర్ల అలుగు, సానరాయి మీద అరిగి అరిగి సన్నబడిన అంచు. కాపలా ఉద్యోగి దాన్ని రెండు వేళ్ళతో, చచ్చిన ఎలుకను పట్టుకున్నట్లు పట్టుకొని, "ఇదెందుకు సార్? ఎవర్ని పొడవడానికి?" అన్నాడు. నా వెనక నిలబడ్డ ఇద్దరు పెద్దమనుషులు ఒకడుగు వెనక్కి వేశారు. చాకు సొరుగులోకి పోయింది, నేను సభలోకి పోయాను.

కాసేపటికి ఆవిష్కరించవలసిన పుస్తకాల కట్ట వేదిక మీదికి వచ్చింది. నాలుగు వైపులా ప్లాస్టిక్ పురికొసతో బిగించి కట్టారు. వేదిక మీద అయిదుగురు పెద్దలు, వేదిక ముందు నూటయాభైమంది సాహితీప్రియులు. ఒక్కరి దగ్గరా ఆ కొసను తెంపే సాధనం లేదు. ఒకాయన పళ్ళతో ప్రయత్నించి విరమించారు. చివరికి నిర్వాహకుడు స్కూటరు తాళంచెవితో ఆ కొసను కోసి, దానితో పాటు పైనున్న ప్రతి అట్టను కూడా చీల్చాడు. ముఖ్య అతిథి చిరుగు మీద చేయి అడ్డం పెట్టుకొని ఆ ప్రతినే పైకెత్తి చూపించారు. అందరూ చప్పట్లు కొట్టారు, నేనూ కొట్టాను. కాని ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆ కోపంతోనే ఇది రాస్తున్నాను.

నా ప్రతిపాదన సూటిగా చెబుతాను. మడతచాకు ఆయుధం కాదు, పనిముట్టు. దాన్ని ఆయుధమని పిలవడం వల్ల ఒక్క హత్య కూడా ఆగలేదు. ఆగినదల్లా చేతికి పని నేర్పడం. కాదనేవారు కాదనవచ్చును, కాని నా మాట పూర్తిగా విన్నాక.

ముందు వస్తువును పరిశీలిద్దాం. ఎందుకంటే దీన్ని నిందించేవారిలో ఎక్కువమంది దీన్ని ఎన్నడూ తెరిచి చూసినవారు కారు. ఒక అలుగు, ఒక పిడి, రెంటినీ కలిపే ఒక మేకు, పిడి వెన్నులో ఒక ఉక్కుబద్ద. అలుగు మీద గోరు పట్టేందుకు చిన్న గాడి. ఒంటిచేత్తో ఝళిపించడానికి కుదరదు. రెండు చేతులూ పెట్టి నిదానంగా తెరవాలి. తెరిచాక దాన్ని నిలిపేది ఆ బద్ద ఒత్తిడే తప్ప గొళ్ళెమేమీ లేదు. కోతకు ఆ ఒత్తిడి చాలును, ఎందుకంటే కోసేటప్పుడు మన బలం అలుగును తెరిచే వైపుకే పనిచేస్తుంది. పోటుకు మాత్రం చాలదు. ఎవరినైనా పొడవబోతే అది మడతపడి పొడవబోయినవాడి వేళ్ళమీదనే మూసుకోవచ్చును. సినిమాలో బొత్తాం నొక్కగానే ఠప్పున తెరుచుకునేది వేరే జాతి. ఆ రెంటినీ ఒకే గాటన కట్టడం పాలేరు చేతి కొడవలినీ బందిపోటు చేతి బాకునూ ఒకటనడమే.

ఈ తేడా చట్టాలకు తెలుసు. కత్తుల విషయంలో ఎంతో కఠినంగా ఉండే బ్రిటన్‌లోనే, 1988 నాటి క్రిమినల్ జస్టిస్ చట్టం 3 అంగుళాలకు మించని అంచుగల మడతచాకును ఏ కారణమూ చెప్పనక్కరలేకుండా వెంట ఉంచుకోనిస్తుంది. గొళ్ళెంతో బిగుసుకునే చాకులకు ఈ మినహాయింపు వర్తించదని అక్కడి న్యాయస్థానం తేల్చింది. మన 2016 ఆయుధ నియమాలు మాట్లాడేది 9 అంగుళాలకంటే పొడవైన, లేదా 2 అంగుళాలకంటే వెడల్పైన అలుగుల గురించి. అందులోనూ ఇంటిపనికీ, వ్యవసాయానికీ చేసినవాటిని మినహాయించాయి. బొత్తాం చాకుల మీద కొన్నిచోట్ల అదనపు ఆంక్షలున్నాయి, ఉండవలసిందే. చట్టం చేసినవారు కొలబద్ద పట్టుకొని గీసిన గీతను మన సభామర్యాద చెరిపేసింది.

అక్షరజీవులమైన మనకు ఈ వస్తువు మీద ఏవగింపు కలగడం మరీ విడ్డూరం. తాటాకు మీద రాసిన కాలంలో గంటానికి కత్తి తోబుట్టువు. ఆకుల అంచులు చెక్కాలి, కట్టలోని ఆకులన్నింటినీ ఒకే కొలతకు తేవాలి. అది కత్తి పని. అక్షరం గీయడం గంటం పని. తమిళనాట ఈ రెంటినీ ఒకే పిడిలోకి మడిచిపెట్టే పరికరం ఉండేది. దాన్ని ‘మడక్కెళుత్తాణి’ అంటారు, అంటే మడతగంటం. ఇంగ్లీషువాడి ‘పెన్‌నైఫ్’లోనూ కలమే ఉంది, పక్షి ఈకను కలంగా చెక్కుకోవడానికి పుట్టిన చాకు అది. కత్తిపోటు తప్పినా కలంపోటు తప్పదని మన సామెత. ఆ కలానికి మొన ఎక్కడినుంచి వచ్చిందో మరచిపోయి కీబోర్డు మీద వేళ్ళు ఆడిస్తున్నాం.

సరే, పిల్లల చేతుల్లోంచి చాకును లాగేసుకుంటే ఏమవుతుంది? ఒక దేశం ఆ పని చేసి చూసింది. జపానులో హ్యోగో మండలంలోని మికి పట్టణం పనిముట్లకు పేరుమోసిన కమ్మరి ఊరు. 19వ శతాబ్ది చివర అక్కడ ‘హిగోనొకామి’ అనే మడతచాకు పుట్టింది. ఇంతకంటే నిరాడంబరమైన చాకు ఉండదు. మడిచిన లోహపు రేకే పిడి. వెన్నుబద్ద కూడా లేదు. అలుగు వెనక చిన్న తోక ఉంటుంది. దాన్ని బొటనవేలితో అదిమిపట్టినంతసేపే చాకు తెరుచుకొని ఉంటుంది. తరాల తరబడి జపాను బడిపిల్లలు దీనితోనే పెన్సిళ్ళు చెక్కుకున్నారు, వెదురు చీల్చి ఆటవస్తువులు చేసుకున్నారు.

1960 అక్టోబరు 12న టోక్యోలోని హిబియా సభాభవనంలో జపాను సోషలిస్టు పార్టీ అధ్యక్షుడు అసానుమా ఇనెజిరో ప్రసంగిస్తుండగా 17 ఏళ్ళ కుర్రవాడొకడు వేదిక మీదికి ఉరికి ఆయనను పొడిచి చంపాడు. వాడి చేతిలో ఉన్నది వాకిజాషి తరహా పొట్టి ఖడ్గం. దేశం తల్లడిల్లింది. ఆ తరువాత పిల్లల చేతికి కత్తులు అందనీయరాదనే ఉద్యమం ఊపందుకుంది. బడులలోనుంచి హిగోనొకామి మాయమైంది. దాని స్థానంలోకి పెన్సిలు చెక్కే యంత్రం వచ్చింది. గమనించండి: హత్య చేసింది ఖడ్గం, శిక్ష పడింది పెన్సిలు చెక్కే చాకుకు! ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకోవడమంటే ఇదే. ఒకప్పుడు మికిలో ఎందరో చేసిన ఆ చాకును ఈనాడు ఆ పేరుతో చేసే హక్కుగల కొలిమి ఒక్కటే మిగిలింది: నాగావొ కానెకొమా. ఆ ఒక్క కొలిమి చాకే నా సొరుగులో ఉంది. దాన్ని తెరిచినప్పుడల్లా నాకు ఖడ్గం గుర్తుకు రాదు, సగం చెక్కిన పెన్సిలు గుర్తుకు వస్తుంది.

ఈ భయం ఇంకా ఎంతదూరం వచ్చిందో చూడండి. 1891లో స్విస్ సైన్యానికి తొలి చాకులు అందించిన విక్టోరినాక్స్ సంస్థ అధిపతి, కొన్ని దేశాల ఆంక్షల దృష్ట్యా అలుగు లేని జేబుపరికరాలు కూడా రూపొందిస్తున్నామని 2024 మే నెలలో ప్రకటించారు. మామూలు చాకులు మానేస్తామని ఆయన అనలేదు, ఆ మాట ఒప్పుకోవాలి. వ్యాపారి గాలివాటం చూసుకుంటాడు, అదీ తప్పు కాదు. కాని అలుగు లేని చాకు అంటే ఏమిటి? చెరువు లేని గట్టు.

ఇక ఆక్షేపణలు. "నీ చేతిలో పనిముట్టే, తాగినవాడి చేతిలో?" అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. కత్తిపోట్లకు బిడ్డలను కోల్పోయిన తల్లులున్నారు. వారి ముందు నిలబడి సానరాళ్ళ గురించి ఉపన్యసించే సాహసం నాకు లేదు. కాని ఇంగ్లండు, వేల్సులలో కత్తిపోటు హత్యల లెక్కలు తీసినప్పుడు అన్నింటికంటె ఎక్కువగా కనిపించేది వంటింటి కత్తి. అది ప్రతి ఇంట్లోనూ ఉంది, దాన్ని ఎవరూ సొరుగులో బంధించరు. అందుచేత భయం అలుగును చూసి పుట్టినది కాదు. పరిచయం లేకపోవడం వల్ల పుట్టినది. వంటింటి కత్తిని అమ్మ చేతిలో చూశాం, కనుక జంకు లేదు. మడతచాకును సినిమాలో రౌడీ చేతిలో మాత్రమే చూశాం, కనుక గుండె ఝల్లుమంటుంది.

రాంపురి మాటేమిటంటారా? అది నా వాదనకు అనుకూలమైన సాక్షి కాదని నాకూ తెలుసు. దాని కీర్తిలో సగం తెరమీది ప్రతినాయకులు పెట్టిన భిక్షే. అయినా ఒక సంగతి చెప్పక తప్పదు. ఉత్తరప్రదేశ్‌లోని రాంపూర్‌లో ఆ చాకులు చేసే పనివారు ఏటేటా తగ్గిపోతూ వచ్చారు. 2023లో మాత్రం ఊరి కూడలిలో ఆరు మీటర్ల పైచిలుకు రాంపురి చాకు విగ్రహం వెలిసింది. పనివాణ్ణి పోగొట్టుకొని పనికి విగ్రహం కట్టడం మనకు కొత్త కాదు, భాష విషయంలోనూ చేస్తున్నది అదే.

విగ్రహం మాట వచ్చింది కనుక నా సాటి సేకర్తలను కూడా వదిలిపెట్టను. చాకుకు భయస్థుడు ఎంత శత్రువో మురిపెపు సేకర్త కూడా అంతే శత్రువు. కొన్న చాకును నూనె రాసి, గుడ్డ చుట్టి, పెట్టెలో పెట్టి, వారానికొకసారి తీసి చూసుకొని మురిసేవారిని ఎరుగుదును. ఒక్క మామిడికాయైనా కోసి ఎరగరు! అంచు మీద గీత పడితే విలువ తగ్గుతుందట. షెఫీల్డులో జోసెఫ్ రాడ్జర్స్ సంస్థ 1822లో 1822 అలుగులతో ‘సంవత్సరపు చాకు’ ఒకటి చేసింది. అద్భుతమైన పనితనం, సందేహం లేదు. కాని జేబులో పట్టదు, దేన్నీ కోయదు. దాని పక్కన సవాయ్ ప్రాంతంలో 1890లో జోసెఫ్ ఒపినెల్ మొదలుపెట్టిన రైతుచాకును ఉంచి చూడండి. ఒక చెక్కపిడి, ఒక అలుగు, అంతే. 1955లో బిగింపు ఉంగరం చేరడం తప్ప దాని రూపం ఈనాటికీ పెద్దగా మారలేదు. లండన్‌లోని విక్టోరియా ఆల్బర్ట్ మ్యూజియం 1985లో ప్రపంచపు అందమైన వంద వస్తువుల జాబితాలో దానికి చోటిచ్చింది. అంతకు ముందే పొలంలో రొట్టె కోసుకునేవాడి జేబులో దానికి చోటు దొరికింది. రెండవదే పెద్ద గౌరవం.

నా దగ్గర పదిహేడు చాకులున్నాయి. రోజుకొకటి చొప్పున అన్నీ పనిచేస్తాయి. మామూలు ఉక్కు అలుగు మామిడి పులుపు తగిలితే మొదట నల్లబడుతుంది, తరువాత నీలిబూడిద ఛాయకు తిరుగుతుంది. ఆ ఛాయే దాన్ని తుప్పునుంచి కొంత కాపాడుతుంది. పెట్టెలో మెరుస్తూ కూర్చున్న చాకుకు ఆ కవచం రాదు. పని చేసినదానికే వస్తుంది.

మా తాతగారికి చాకు రొంటిలో లేనిదే తోచేది కాదు. వక్క చెక్కడం, పురి తెంపడం, ముల్లు తీయడం, నా బలపం మొన చెక్కడం, అన్నీ దానితోనే. నాకు ఎనిమిదేళ్ళప్పుడు మొదటిసారి చేతికిస్తూ, "ఒరే, ఇది ఇంకొకరికి ఇచ్చేటప్పుడు పిడి వాళ్ళ వైపు ఉండాలి, పదును నీ వైపు ఉండాలి" అన్నారు. నాగరికత గురించి నేను తరువాత చదివిన పుస్తకాలేవీ ఇంతకు మించి చెప్పలేదు. ఈ పాఠం చాకు లేకుండా నేర్పడానికి వీల్లేదు. ప్రమాదం బొత్తిగా లేని వస్తువుతో బాధ్యత ఎలా నేర్పుతారు?

విమానంలోకి, న్యాయస్థానంలోకి, బడిలోకి, వద్దన్న ఏ చోటికీ నేను చాకు తీసుకుపోను. నియమం నియమమే. ఆ రోజు కూడా వాదించలేదు. సభ ముగిశాక నా వస్తువు నాకిమ్మని కాపలా బల్ల దగ్గరికి వెళ్ళాను. సంతకం పెట్టమని పుస్తకం ముందుకు తోశాడు. నా పేరుకు ఎదురుగా ‘వస్తువు’ అనే గడిలో ‘ఆయుధం – 1’ అని రాసి ఉంది.

"బాబూ, ఆ మాట కొట్టేసి ‘చాకు’ అని రాస్తావా?" అన్నాను.

"ఏదైనా ఒకటే కదా సార్," అన్నాడు.

"ఒకటి కాదు నాయనా," అని, కలం అడిగి తీసుకొని, ఆ మాట నేనే కొట్టేసి, పైన ‘చాకు’ అని రాసి సంతకం పెట్టాను. కలం తిరిగి ఇచ్చేటప్పుడు మొన నా వైపే ఉంచుకున్నాను.