ఏ ఊరి నీళ్లు తాగావమ్మా?

పోయిన వారం ఊరగాయ జాడీల గురించి చెప్పుకున్నాం కదా! ఈ వారం నీళ్ల బిందె సంగతీ, మన వెన్నెముక సంగతీ కలిపి చెప్తాను. రెండింటికీ ఏం సంబంధం అంటారా? చదవండి మరి.

మాది మైపాడు పక్క సముద్రపు ఒడ్డు పల్లె. మా పెద్దమ్మను పొదిలి వైపు ఇచ్చారు. ఏటా వేసవికి వచ్చేది. "మీ ఊరి నీళ్లు ఉప్పన, మా బావి నీళ్లయితే కొబ్బరినీళ్లే" అని దెప్పేది. నలభై దాటాక ఆమెకు మెడ తిరగలేదు. పిలిస్తే మనిషంతా తిరిగి చూసేది. మేం పిల్లలం, వెనక చేరి నవ్వుకునేవాళ్లం. ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది. వాతమన్నారు. ఆముదం రాశాం, ఇసక కాపడం పెట్టాం. ఇంకో రెండేళ్లకు కాళ్లు తిమ్మిరెక్కి, బిగుసుకుపోయి, గడప దాటబోతే తూలిపడేది. అప్పుడు గానీ పెద్దాసుపత్రికి తీసుకుపోలేదు. డాక్టరు గారు ఎక్స్‌రే చూసి అడిగిన మొదటి మాట, "ఏ ఊరి నీళ్లు తాగావమ్మా?"

మన ఒంట్లో మెదడు, వెన్నుపాము కలిస్తే కేంద్ర నాడీ వ్యవస్థ. చిన్నప్పుడు సైన్సులో చదివే ఉంటారు. ఆలోచన, మాట, జ్ఞాపకం పెద్దమెదడు పని. బిందె చంకన పెట్టుకుని ఇసకలో తూలకుండా నడుస్తామే, ఆ నిలకడ చిన్నమెదడు చలవ. ఊపిరీ గుండే ఆగకుండా చూసేది వాటి కింద ఉండే మజ్జాముఖం. అక్కడి నుంచి వెన్నెముక లోపల చిటికెనవేలంత లావున, అడుగున్నర పొడవున దిగేది వెన్నుపాము. దాన్నుంచి 31 జతల నరాలు చేతులకూ కాళ్లకూ పోతాయి. వేడి గిన్నె తగలగానే చెయ్యి వెనక్కి లాక్కుంటాం చూడండి, మెదడుకు మంట తెలిసేలోపే ఆ హుకుం ఇచ్చేది వెన్నుపామే!

పెద్దమ్మ తాగిన నీళ్లలో ఫ్లోరైడు ఉంది. దానికి రంగూ రుచీ వాసనా ఉండవు. ఏళ్ల తరబడి ఎముకల్లో చేరి వాటిని మందం చేస్తుంది. వెన్నుపాము పోయే దారి ఇరుకైపోతుంది. నాడులు నలిగి కాళ్లు పట్టుతప్పుతాయి. ఇదే ఫ్లోరోసిస్. మన దేశంలో ఈ జబ్బును మొదట గుర్తించింది మన జిల్లాలోనే సుమండీ! డాక్టర్ షార్టు, ఆయన తోటివాళ్లు అప్పటి నెల్లూరు జిల్లా రోగులను చూసి 1937లో రాశారు. పొదిలి, దర్శి, కనిగిరి అప్పుడు నెల్లూరులోనే ఉండేవి. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు అటు పోయాయి. 1972లో ఆ జిల్లాకు ప్రకాశం అని పేరు పెట్టారు.

మేం మోసపోయిందెక్కడో చెప్తాను. ఆ ఊళ్లో పుట్టినవాళ్ల పళ్లకు గోధుమరంగు గారలుంటాయి. పెద్దమ్మవి ముత్యాల్లాంటి పళ్లు. అందుకే ఆమెకేం కాదనుకున్నాం. చిన్నప్పుడు పళ్లు తయారయ్యే వయసులో ఆ నీళ్లు తాగితేనే గారలు వస్తాయి. కోడలిగా పోయినవాళ్లకు పళ్లు తెల్లగానే ఉండి, వెన్ను మాత్రం గట్టిపడుతుంది.

ఇంకో మాట. పెద్దమ్మ శుభ్రం కోసం నీళ్లు మరగకాచి తాగేది. కాస్తే క్రిములు చస్తాయి గానీ ఫ్లోరైడు పోదు. నీళ్లు ఇంకే కొద్దీ ఇంకా చిక్కబడుతుంది. క్యాండిల్ ఫిల్టరుతోనూ పోదు. బాగా పనిచేసే ఆర్.ఓ. ఫిల్టరుతో తగ్గుతుంది. పటిక, సున్నంతో తీసే నల్గొండ పద్ధతి ఉంది గానీ, కొలత నీటిని బట్టి మారుతుంది. తెలిసినవాళ్లు చెయ్యాల్సిందే.

కాబట్టి బోరు నీళ్లు తాగేవాళ్లు గ్రామీణ నీటి సరఫరా వారి ల్యాబులో ఒక్కసారి పరీక్ష చేయించండి. లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉంటే మంచిది. 1.5 దాటితే తాగడానికీ వంటకీ వేరే నీళ్లు చూసుకోవాలి. పాలు, రాగులు తినండి. టీ తగ్గించండి, అందులోనూ ఫ్లోరైడు ఉంటుంది. చింతపండు తింటే ఫ్లోరైడు మూత్రంలో ఎక్కువగా పోతుందని హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థ వారు బడిపిల్లల మీద చూసి 2002లో చెప్పారు. మన చేపల పులుసుకు ఇదొక గొప్ప! అయితే పులుసు మందు కాదు, నీళ్లు మార్చడమే అసలు మందు.

మెడ తిరక్కపోయినా, కాళ్లు తిమ్మిరెక్కి బిగిసినా వాతమని ఊరుకోకండి. ముదరకముందే చూపిస్తే కొందరికి ఆపరేషనుతో నాడుల మీద ఒత్తిడి తగ్గిస్తారు. మా పెద్దమ్మకు ఆ అదను దాటిపోయింది. చివరి ఆరేళ్లు మంచంలోనే గడిపింది.

ఈ మధ్య మా చెల్లెలి కూతుర్ని అటువైపే ఇచ్చాం. సారెతోపాటు నేను చెప్పి పంపిన మాట ఒక్కటే: "అమ్మాయీ, ముందు సీసాతో ఆ బోరు నీళ్లు ల్యాబుకు పంపించు."

వచ్చే వారం ఎండు చేపలు పురుగు పట్టకుండా దాచుకోవడం గురించి చెప్పుకుందాం. ఉంటాను మరి.